పొగ లేని నిప్పు

మొన్న మా మనమరాలి గదిలో కిటికీ తెరిచినానని ఇంట్లో రచ్చ అయింది.

మనమరాలు కాన్పై ఈడికి వచ్చి ఉండాది. ఈడంటే నా కూతురి ఇల్లు, మద్రాసు చివర షోళింగనల్లూరులో. పైనెక్కడో అంతస్తు, కిందికి చూస్తే ఆఫీసు బండ్లు చీమల మాదిరి పోతా ఉంటాయి. బిడ్డకు ఇంకా నెల తిరగలేదు. ఆ పొద్దు బిడ్డకు తలకు పోసి, నా కూతురు సాంబ్రాణి వేసింది. ఇప్పటి సాంబ్రాణికి నిప్పులు అక్కరలేదు. బొగ్గుపొడితో నల్లగా చిన్న గిన్నె మాదిరి చేసి అమ్ముతారు, అగ్గిపుల్ల గీసి ముట్టిస్తే అదే రాజుకుంటాది. తల్లికీ బిడ్డకూ గాలి తగలకూడదని కిటికీ మూసింది, తలుపు మూసింది, వచ్చి కాఫీ కలుపుకుంటా ఉంది.

నేను హాల్లో చిక్కుడుకాయలు ఒలుస్తా ఉంటిని. ఏమయిందో ఏమో, ఒళ్ళో గిన్నె కింద పడింది. లేచి పోయి తలుపు తోసి, కిటికీ అద్దం ఒక పక్కకు జరిపేసినా. గాలి రయ్యిమని వచ్చింది. బిడ్డ ఏడ్చింది.

"ఏందమ్మా నువ్వు చేసేది? పసిబిడ్డకు గాలి కొడతాది!" అని నా కూతురు పరిగెత్తుకొచ్చింది.

"కొట్టనీ."

"దోమలు వస్తాయమ్మా."

"రానీ."

అల్లుడు మంచోడే. ఊరికే పెండ్లాం దిక్కు చూసి, చెవి పక్కన వేలు తిప్పినాడు. అది నాకు కనపడింది. మనమరాలు మాత్రం మంచం మీద నుంచే మెల్లిగా అడిగింది, "ఎందుకు తెరిచినావవ్వా?"

నేను నోరు తెరిచినా. చెప్పాలనుకున్నది ఒకటి, వచ్చింది ఇంకొకటి.

"గెనుసుగడ్డ" అన్నా.

అందరూ ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. నాకే తెలీలేదు ఆ మాట ఎట్ట వచ్చిందో. ఆ పొద్దు సాయంత్రం మనమరాలు బిడ్డను ఒళ్ళో వేసుకొని, ఒక చేత్తో ఫోను పట్టుకొని, "ఆ గెనుసుగడ్డ సంగతేందో చెప్పవ్వా, నేను రాస్తా" అంది. నాకు సంతకం పెట్టడం తప్ప వేరే రాత రాదు. వెనకదీ ముందుదీ కలిసిపోతాయి, నువ్వే సర్దుకో అని చెప్పినా. "సర్దను. నువ్వు చెప్పినట్టే పెడతా" అంది. ఇంక దాని ఇష్టం.

నా చిన్నప్పుడు మేము మద్రాసులోనే, పురసవాక్కంలో ఉంటిమి. ట్రాములు నిలిపేసిన కొత్త. రోడ్డు నడుమ పట్టాలు అట్నే ఉన్నాయి, బండి మాత్రం రాదు. నాకు అది అర్థమయ్యేది కాదు. పట్టాలు ఉండాయి కదా, మరి బండి ఎందుకు రాదు? ఆ పట్టాల పక్కన నిలబడి చూస్తా ఉంటిని, ఎప్పుడైనా తప్పిపోయి ఒకటి వస్తాదేమోనని. ఇంట్లోనేమో మొగోళ్ళు అరుగు మీద కూర్చోని రాష్ట్రం విడిపోతాదంట, మద్రాసు ఊరు తమిళోళ్ళకా మనకా అని గొంతులు చించుకునేవాళ్ళు. నేను పోయి మా జేజిని అడిగినా.

"జేజీ, మనం ఎవరం?"

"మనం పురసవాక్కమోళ్ళం. పో, పోయి నీళ్ళు పట్టు."

జేజి అంటే మా నాయన వాళ్ళమ్మ. ఇంట్లో ఆమె మాటే మాట. నాయన బట్టల కొట్టులో గుడ్డ కొలిచి చింపే పని. చిన్నాయన, నాయన తమ్ముడు, ఇంకా పెండ్లి కానోడు, రైలింజన్లు నిలిపే షెడ్డులో పని. ఆయన వీధి మలుపులో ఉండంగానే నూనె వాసన, బొగ్గు వాసన ముందొచ్చేవి. ఇంక అమ్మ, నేను. నడవాకు అవతల ఇంకో కాపురం. ఆడ ఒక తమిళ ముసలామె. ఆమెను అందరూ పాట్టి అనేవాళ్ళు, మేమూ పాట్టి అనే అంటిమి. జేజికీ ఆమెకూ పొద్దున లేస్తే పోట్లాట, మజ్జిగ వేళకు స్నేహం.

ఆ ఇంట్లో నిప్పు ఒకటి కాదు. ఒక్కో పనికి ఒక్కో నిప్పు. ఇప్పుడు మీట తిప్పితే అన్నానికీ అదే మంట, పాలకూ అదే మంట. ఆ కాలంలో అట్ట కాదు. అన్నానికి చవుకు కట్టె. కట్టెల కొట్టుకు జేజి నన్ను వెంటబెట్టుకొని పోయేది. రెండు కట్టెలు తీసి ఒకదానితో ఒకటి కొట్టేది. టంగుమంటే ఎండింది. దబ్బుమంటే తడిది, వద్దు. కొట్టువాడు "ఏం పెద్దమ్మా, కట్టె కొంటావా, తాళం వేస్తావా?" అని నవ్వేవాడు. "నీ కట్టెలో నీళ్ళు కొనను, నాకు ఇంట్లో బావి ఉండాది" అనేది జేజి.

పాలకు పిడకలు. మట్టికుండలో పాలు పోసి పిడక నిప్పు మీద పెడితే పొద్దుగూకే దాకా మెల్లిగా కాగి ఎర్రబారిపోయేవి. అడుగంటిన దాన్ని చిప్పతో గీకి నా అరచేతిలో పెట్టేది అమ్మ. పొగ వాసన, తీపి వాసన రెండూ కలిసి ఉండేది. ఆ రుచి మళ్ళీ యాడా దొరకలేదు. నీళ్ళ కాగుకు ఏది దొరికితే అది: కొబ్బరి మట్టలు, పీచు, చింతగింజల పొట్టు. ఎండు కొబ్బరిచిప్ప వేస్తే చిటపటమని నూనె కక్కేది, దాన్ని చూడ్డానికే నేను కాగు పక్కన కూర్చునేదాన్ని. కిరసనాయిలు మాత్రం లాంతరుకే. వంటింటి గడప దాటనిచ్చేది కాదు జేజి. "ఆ కంపు కూటికి అంటితే తిన్నోడి కడుపులో దీపం వెలుగుతాది" అనేది. బొగ్గులు కాఫీకి, ఇస్త్రీ పెట్టెకు.

ఇవన్నీ ఒక ఎత్తు, అమ్మ పొట్టు పొయ్యి ఒక ఎత్తు. కట్టె కోసే మిల్లులో రంపపు పొట్టు గోతాంలో పట్టుకొచ్చేవాళ్ళం. రేకు డబ్బాకు కింద పక్కన ఒక బొక్క. ఆ బొక్కలో నుంచి ఒక కట్టె అడ్డంగా, పైన నుంచి ఒక సీసా నిలువుగా పెట్టి, చుట్టూ పొట్టు పోసి గట్టిగా కూరాల. చాలా గట్టిగా కూరితే ఊపిరాడక ఆరిపోతాది. లూజుగా కూరితే సగంలో కూలిపోతాది. తర్వాత సీసాను తిప్పుతా తిప్పుతా పైకి లాగాల. ఆడే ఉండాది పని. అమ్మ లాగితే నడుమ బొక్క నున్నగా బావి మాదిరి నిలిచేది. జేజి లాగితే కూలేది. పాట్టి లాగినా కూలేది. ముట్టించినాక అది హూ అని మెల్లిగా పాడతా ఉండేది. ఒకసారి నింపితే అన్నం, కూర, చారు అన్నీ అయిపోయి ఇంకా నీళ్ళు కాగేవి. వీధిలో ఆడోళ్ళు వచ్చి అమ్మ దగ్గర నేర్చుకొని పోయేవాళ్ళు, ఇంటికి పోయి కూలగొట్టుకునేవాళ్ళు.

నేను ఎప్పుడూ ఆ పొయ్యిల చుట్టే తిరిగేదాన్ని. మొగానికి మసి, చేతికి మసి. అందుకని అమ్మ నన్ను కాకిపిల్లా అని పిలిచేది. ఇంట్లో ఇంకెవరూ అట్ట పిలిచేది లేదు. అది అమ్మ పిలుపు.

వానాకాలంలో అమ్మకు కాన్పు అయింది. తమ్ముడు పుట్టినాడు. ఇంట్లోనే, మంత్రసాని వచ్చి చేసింది. వీధి వైపు చిన్న గది బాలింతకు ఇచ్చినారు. కిటికీ ఒకటే, అది కూడా పిడికెడు. జేజి ఇంక పథ్యం మొదలుబెట్టింది. వెల్లుల్లి కారం, మిరియాల చారు, నేతిలో వాము. అమ్మకు నీళ్ళు కూడా వేడివేడిగా, గుక్కెడే. చెవుల్లో దూది, తలకు గుడ్డ. మంచం కింద కుంపటి. బాలింతకు చలి తగిలితే జన్ని పుడతాదని అప్పుడు అందరి భయం. జన్ని పుడితే మనిషి ఏదేదో మాట్లాడి చచ్చిపోతాదంట. కాబట్టి కుంపటి ఆరకూడదు.

కుంపటికి ఏ నిప్పు పెట్టాలన్నదే పెద్ద పంచాయితీ. పిడక పెడితే పొగ. బిడ్డ కండ్లు ఎర్రబడినాయి. అమ్మ దగ్గీ దగ్గీ, సూదులు గుచ్చినంత నొప్పి అని కడుపు పట్టుకునేది. కట్టెబొగ్గులు పెడదామంటే ఆ యేడు వాన నిలిచింది లేదు, బొగ్గుల అంగట్లో బొగ్గులన్నీ నాని ఉండాయి. ముట్టిస్తే చుయ్యిమని పొగే. కట్టెల కొట్టులో జేజి ఏ రెండు కట్టెలు కొట్టినా దబ్బు, దబ్బు.

"పొగ చంపేస్తాది బిడ్డను" అని జేజి తల పట్టుకుంది.

అప్పుడు చిన్నాయన రేకు డబ్బా నిండా ఏందో తెచ్చినాడు. ఇంజను కడుపులో సగం కాలి మిగిలిన రాతిబొగ్గు. షెడ్డు అవతల కుప్ప పోస్తారు, ఆడోళ్ళు ఏరుకొని పోతా ఉంటారు. ఆయనా ఏరినాడు, వదిన కోసం. "ఒకసారి రాజుకుంటే పొద్దంతా ఉంటాది. పొగే రాదు, చూడమ్మా" అని నడవాలో కూర్చోని, పిడక ముక్కలూ ఎండు పీచూ కింద వేసి, విసిరీ విసిరీ రాజేసినాడు. చేతులు నొప్పి పుట్టినాయేమో గానీ చివరికి ఎర్రగా అయింది. పైన నీలంగా సన్నటి మంట ఆడింది. పొగ లేదు. నిజంగానే లేదు.

జేజి వంగి చూసింది. "ఇది రాయా, కట్టా?"

"రాయేనమ్మా. కాలే రాయి."

"బాలింతకు రాయి నిప్పు పెట్టొచ్చా? మా అత్తగారు పెట్టలేదే."

"మీ అత్తగారి కాలంలో ఇంజను లేదమ్మా."

పాట్టి నడవా అవతల నుంచి అరిచింది. "ఏమ్మా, ఆ రాయి రైలునే కాశీ దాకా లాగుతుందే! ఒక మంచాన్ని వెచ్చ చెయ్యదా?"

జేజికి ఆ మాట బాగా తగిలింది. కాశీ అనేసరికి మెత్తబడింది. "పొగ లేదు కాబట్టి సరి" అని కుంపటి లోపలికి పంపింది. చిన్నాయన మొగం వెలిగిపోయింది. వదినకు ఆయన చేసిన పెద్ద పని అది.

నాకు మాత్రం తలలో ఒకటి తిరిగింది. నిప్పు లేనిదే పొగ రాదు అంటారు కదా. మరి పొగ లేకుండా నిప్పు ఎట్ట వస్తాది? పొగ యాడికి పోయింది? చిన్నాయనను అడిగితే ఇంజను తాగేసింది అన్నాడు. జేజిని అడిగితే నోరు మూసుకోమంది. అమ్మను అడిగితే, బిడ్డకు పాలిస్తా నవ్వి, "పొగ సిగ్గుపడి దాక్కుందే కాకిపిల్లా" అంది. నేను మంచం కింద దూరి చూసినా. ఎర్రగా, వెచ్చగా, ఏమీ చప్పుడు లేకుండా ఉండాది. పొట్టు పొయ్యి మాదిరి పాట కూడా లేదు.

ఆ నిప్పు కొన్ని పొద్దులు బాగానే ఉండింది. తలుపు ఓరగా ఉండేది కాబట్టి అని ఇప్పుడంటారు. అప్పుడు ఎవరికి తెలుసు?

ఆ మధ్యలోనే పాట్టి ఇంట్లో గెనుసుగడ్డలు, అదే చిలగడదుంపలు, వచ్చినాయి. ఆమె ఒకటి నాకిచ్చిందో, నేనే గంపలో నుంచి తీసుకున్నానో సరిగ్గా గుర్తు లేదు. తీసుకొనే ఉంటా. నిప్పుల్లో కాల్చిన గెనుసుగడ్డంటే నాకు ప్రాణం. కానీ బాలింత ఉన్న ఇంట్లో గెనుసుగడ్డ మాటే ఎత్తకూడదు. వాతం. ఆ వాసన తగిలినా పాలు చెడతాయని జేజి. మా పొయ్యి దగ్గర కాలిస్తే జేజికి కనపడతాది. ఇంక మిగిలింది మంచం కింద కుంపటి. పొగ లేని నిప్పు కదా, దొరికిపోనులే అనుకున్నా. నిప్పుల పక్కన బూడిదలో దాన్ని పూడ్చిపెట్టినా. అమ్మ చూసింది. చూసి, "మీ జేజి చంపుతాది నన్నూ నిన్నూ" అని కండ్లతో నవ్వింది. చెప్పలేదు.

అదే పొద్దు మధ్యాహ్నం గాలీ వానా ఎక్కువయింది. తుఫాను అన్నారు. వీధి తలుపు కొట్టుకుంటా ఉంది, నడవాలో నీళ్ళు. చలి లోపలికి వస్తాదని జేజి ఆ గది కిటికీ మూసి గోనెపట్టా కొట్టింది. కుంపటిలో ఇంకో నాలుగు రాళ్ళు వేసింది. బిడ్డకు నూనె రాయాలని తాను ఎత్తుకొని బయటికి వచ్చి, తలుపు దగ్గరగా లాగి, కింద సందులో పాత చీర కుక్కి, నడింట్లోకి పోయింది. లోపల అమ్మా నేనూ.

ఆ గది ఎంత బాగుండిందో చెప్పలేను. బయట వాన, లోపల వెచ్చన. అమ్మ నా తల ఒళ్ళో పెట్టుకొని కథ చెప్తా ఉండింది. ఒక రాజు, ఆయనకు ఒక చిలక. ఆ చిలకకు ఏదో తెలుసు. కొంచెం సేపటికి రాజు మాట్లాడేది చిలక మాట్లాడుతా ఉండింది. తర్వాత చిలకకు పెండ్లి అయింది, పెండ్లిలో మా కట్టెల కొట్టువాడు వచ్చినాడు. నేను "అమ్మా, రాజు ఏమయినాడు?" అన్నా. అమ్మ "ఏ రాజు?" అంది. నాకు తల బరువుగా ఉండింది, చెవుల్లో హూ అని పొట్టు పొయ్యి పాట వినపడింది. ఆ గదిలో పొట్టు పొయ్యి లేదు. ఎందుకు వినపడతాదో చూద్దామని లేవబోయినా. కాళ్ళు నావి కావు. సరే, తర్వాత చూద్దాంలే అనుకున్నా. నిద్ర చాలా తీపిగా వచ్చింది.

తర్వాతది వాళ్ళు చెప్తే విన్నది కొంత, నాకు కనపడింది కొంత. నడింట్లో జేజికి మాడిన వాసన వచ్చింది. పాట్టి ఇంట్లో ఏందో మాడుతుందని ముందు ఆమెను తిట్టింది. "నా పొయ్యి ఆరి చాలా సేపయింది, నీ ముక్కుకు ఏమైనా పట్టిందా" అని పాట్టి ఎదురు తిట్టింది. వాసన కుక్కిన చీర సందులో నుంచి వస్తా ఉండాది. గెనుసుగడ్డ అని జేజి కనిపెట్టేసింది. బాలింత గదిలో గెనుసుగడ్డ! బిడ్డను పాట్టి చేతిలో పెట్టి, విసనకర్ర తిరగేసి పట్టుకొని, నన్ను కొట్టడానికి తలుపు తన్నింది.

"ఏమే, మసిమొగం దానా, నీకు..." అనింది అంట. అంతే. ఆ తిట్టు సగంలోనే ఆగిపోయింది.

నాకు తెలివి వచ్చేసరికి నడవాలో పడి ఉన్నా. మొగం మీద వాన పడుతుంది. కక్కుతా ఉన్నా. జేజి నన్ను కొడతానే ఏడుస్తా ఉంది, ఏడుస్తానే కొడతా ఉంది. పక్కన అమ్మను చాప మీద పడుకోబెట్టినారు. మొగం గులాబీ రంగుగా, చక్కగా, బొట్టు పెట్టిన బొమ్మ మాదిరి ఉంది. కదల్లేదు. పాట్టి నీళ్ళు చల్లుతా, "ఏమ్మా, లేమ్మా" అంటా ఉంది. చిన్నాయన షెడ్డు నుంచి వచ్చినాడు, గడప దగ్గరే ఆగిపోయినాడు. ఆయనకు ఎవరూ చెప్పలేదు. కుంపటి దిక్కు చూసినాడు. ఉత్త చేతులతో ఎత్తి, నిప్పులతో సహా వానలోకి విసిరేసినాడు. ఆ చప్పుడు, ఆ ఆవిరి నాకు ఇప్పటికీ ఉండాయి. ఆయన చేతులు చాలా రోజులు గుడ్డ చుట్టుకొని ఉన్నాయి.

అమ్మ కండ్లు తెరిచింది. అందరూ దేవుడా అన్నారు. నేను పాక్కుంటా పోయి ఆమె చెయ్యి పట్టుకున్నా. అమ్మ నన్ను చూసింది. చాలా మర్యాదగా అడిగింది.

"నువ్వెవరి బిడ్డవమ్మా?"

జన్ని పుట్టిందని జేజి. గాలి సోకిందని మంత్రసాని. దిష్టి అని వీధిలో ఆడోళ్ళు. డాక్టరు వచ్చినాడు, ఒక సూది వేసినాడు, గదులు మూసిపెట్టొద్దు అని ఇంగ్లీషులో నాయనకు చెప్పినాడు. నాయన తల ఊపినాడు, ఆయనకు సగం అర్థమయింది, ఆ సగం కూడా మాకు ఎన్నో ఏండ్లకు గానీ చెప్పలేదు. వేపమండలు తెచ్చినారు, తాయెత్తు కట్టినారు. ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తారు, నేను అందరినీ నమ్మినా. పొద్దున జన్నిని నమ్మేదాన్ని, సాయంత్రం దిష్టిని నమ్మేదాన్ని. నిప్పును మాత్రం ఎవరూ అనలేదు. పొగ లేదు కదా. చిన్నాయన ఒక్కడికే అనుమానం, ఆయన నోరు తెరవలేదు.

అమ్మ లేచి తిరుగుతా ఉండింది, అన్నం తింటా ఉండింది. బిడ్డకు పాలిచ్చేది, పాలివ్వడం చేతులకు గుర్తుంది. కానీ ఆ బిడ్డ ఎవరని అడిగేది. నాయనను చూసి కొంగు తలమీదికి లాక్కునేది, ఎవరో పరాయి మొగోడు అన్నట్టు. వంటింట్లోకి పోయి పొట్టు పొయ్యి ముందు నిలబడేది. సీసా చేతిలో పట్టుకొని అటు ఇటు తిప్పి చూసేది, ఇది దేనికి అన్నట్టు. మళ్ళీ కింద పెట్టేసేది. వీధి ఆడోళ్ళకు నేర్పిన మనిషి.

నన్ను మాత్రం "పాపా" అనేది. పక్కింటి బిడ్డను పిలిచినట్టు. "పాపా, మీ అమ్మ వెతుకుతా ఉంటాదేమో, ఇంటికి పో." నేను పోయి అరుగు మీద కూర్చునేదాన్ని. కొంచెం సేపుండి తిరిగొచ్చేదాన్ని. ఆమె మళ్ళీ అదే అనేది. ట్రాము పట్టాల మాదిరి అయిపోయింది నాకు. పట్టాలు ఉండాయి కదా, మరి బండి ఎందుకు రాదు?

జేజి నన్ను కొట్టడం మానేసింది. అదే నాకు ఎక్కువ భయమయింది. పాట్టితో పోట్లాడడం కూడా మానేసింది. ఇద్దరూ నడవాకు ఆ పక్క ఈ పక్క కూర్చోని ఊరికే చూసుకునేవాళ్ళు.

కార్తీక దీపాలకు పిండి దీపాలు పెట్టే వేళకు వాన విడిచింది. జేజికి జ్వరం తగిలింది. పొయ్యి వెలిగించేవాళ్ళు లేరు. నాయన హోటల్లో తెస్తానన్నాడు. నేను వద్దన్నా, నేనే చేస్తానన్నా. గోతాంలో నుంచి పొట్టు తీసి డబ్బాలో పోసినా. అడ్డంగా కట్టె పెట్టినా, నిలువుగా సీసా పెట్టినా. అమ్మ గడపలో కూర్చోని చూస్తా ఉంది. నేను పిడికిలితో కూరినా. సీసా లాగినా. కూలిపోయింది. మళ్ళీ పోసినా. మళ్ళీ కూలింది. కండ్లలో పొట్టు పడి నీళ్ళు కారతా ఉంటే, ఏడుపో పొట్టో తెలీక, మసి చేత్తో మొగమంతా తుడుచుకున్నా. మూడోసారి లాగబోతా ఉంటే వెనక నుంచి ఒక చెయ్యి వచ్చింది.

"తప్పుకోవే. ఇట్టనా లాగేది? తిప్పాల కదా ముందు."

అమ్మ కూర్చుంది. పొట్టంతా బోర్లించి మళ్ళీ మొదలుబెట్టింది. కొంచెం పోసి, కూరి, కొంచెం పోసి, కూరి. ఆమె మొగంలో ఏమీ తెలియలేదు. చేతులే పని చేస్తా ఉన్నాయి. సీసా తిప్పుతా తిప్పుతా పైకి లాగింది. నున్నగా బావి మాదిరి నిలిచింది. అప్పుడు తల తిప్పి నన్ను చూసింది. నా మొగం చూసి కొంగు తీసి, ఎంగిలి చేసి, చెంప మీద మసి గట్టిగా తుడిచింది.

"ఏందే ఈ అవతారం, కాకిపిల్లా" అంది.

జేజి మంచం మీద నుంచి విన్నది. జ్వరంలోనే లేచి వచ్చి గోడ పట్టుకొని నిలబడింది. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు, మాట్లాడితే అది మళ్ళీ పోతాదేమోనని. పొయ్యి హూ అని పాడతా ఉంది. అవతల నుంచి పాట్టి, "ఏమ్మా, మీ ఇంట్లో పొయ్యి వెలిగిందా?" అని అడిగింది. జేజి "నీకెందుకు?" అనింది. చానా రోజుల తర్వాత ఆ ఇద్దరూ పోట్లాడినారు.

అమ్మ ఆ తర్వాత చాలా కాలం బతికింది. నా పెండ్లి చేసింది, నా బిడ్డలను పెంచింది. నా మొగుడు పోయినప్పుడు నా పక్కన కూర్చునింది. తమ్ముడు పెద్దోడయినాడు. అయితే ఆ వానాకాలం మాత్రం ఆమెకు తిరిగి రాలేదు. అది ఒక బొక్క, పొట్టు పొయ్యి నడుమ ఉన్నట్టు. ముసలితనంలో కూడా నన్ను అడిగేది, "నీ తమ్ముడు పుట్టినప్పుడు వాన పడిందా?" పడిందమ్మా అనేదాన్ని. "అట్నా" అనేది, ఎవరి ఇంటి సంగతో విన్నట్టు.

ఎవరు కాపాడినారంటే ఎవరిది వాళ్ళు చెప్పేవాళ్ళు. అమ్మవారే మాడు వాసన రూపంలో వచ్చి పిలిచిందని జేజి, చచ్చే దాకా అదే మాట. తన నీళ్ళతోనే లేచిందని పాట్టి. చిన్నాయన ఏమీ చెప్పలేదు. ఆయన పెండ్లయి వేరే కాపురం పెట్టినాక వాళ్ళింట్లో కుంపటే ఉండలేదు, చలికాలం కూడా. నేను అడిగినా చెప్పేవాడు కాదు, చేతులు చూసుకునేవాడు. గెనుసుగడ్డ మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే అది పెట్టినందుకు నన్ను పొగడాలా, తన్నాలా అని వాళ్ళకూ తెలీలేదేమో. నాకూ తెలీదు.

ఇదంతా చెప్పినాక మనమరాలు ఫోను పక్కన పెట్టి, బిడ్డను భుజం మీద వేసుకుంది. తర్వాత చెప్పింది. బొగ్గు మూసిన గదిలో కాలితే ఒక గాలి పుడతాదంట. దానికి రంగు లేదు, వాసన లేదు. మనిషికి నిద్ర మాదిరి వస్తాదంట.

"దానికి వాసన లేదా?"

"లేదవ్వా."

"నా గడ్డకు ఉండింది."

"ఉండింది."

"అయితే అంతేనా?"

"అంతే అవ్వా."

ఇంత చిన్న మాట. ఆ మాట ఆ పొద్దు ఎవరైనా చెప్పి ఉంటే నేను ఇన్నేళ్ళు జన్నినీ దిష్టినీ మార్చి మార్చి నమ్మేదాన్ని కాదు. చెప్పినా నమ్మేదాన్నా? పొగ సిగ్గుపడి దాక్కుందని అమ్మ చెప్పింది కదా, నాకు ఇప్పటికీ అదే నిజమనిపిస్తాది. దాక్కునే ఉండింది, మంచం కింద.

నాకూ ఇప్పుడు అక్కడక్కడ బొక్కలు పడతా ఉన్నాయి. పొద్దున తిన్నది సాయంత్రానికి ఉండదు. అల్లుడు వేలు తిప్పితే తిప్పనీ, అబద్ధం కాదు. ఒక పొద్దు ఆ కిటికీ ఎందుకు తెరవాలో నాకు కూడా గుర్తుండకపోవచ్చు. అందుకే ఇదంతా చెప్పినా.

నిన్న మళ్ళీ బిడ్డకు తలకు పోసినారు. సాంబ్రాణి గిన్నె ముట్టించినారు. నేను హాల్లో కూర్చోనే ఉన్నా, లేవలేదు. లోపల కిటికీ అద్దం జరిగిన చప్పుడు వినపడింది. నా కూతురు వంటింట్లో నుంచి అరిచింది.

"మళ్ళీ ఎవరే కిటికీ తెరిచింది? ఎందుకు తెరిచినావు?"

లోపల నుంచి మనమరాలు చెప్పింది.

"గెనుసుగడ్డ."